మొగ దగ్గర ఆగిన లాంచీ

శేషావధానులుగారికి ఒక అలవాటు ఉండేది. శాస్త్రం అడిగినవాళ్లకు ఆయన శాస్త్రం చెప్పేవారు కాదు, తాను ఎరిగిన మనుషుల గురించి చెప్పేవారు. ఆయన చదవని గ్రంథం లేదని మా వైపు పేరు. అయినా ఎవరైనా సందేహం పట్టుకొస్తే పుస్తకాల బీరువా వైపు చూసేవారే కాదు. ఉత్తరీయం చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఉండు నాయనా, ఒకాయన జ్ఞాపకం వస్తున్నాడు," అనేవారు. ఇక మేం సర్దుకుని కూర్చునేవాళ్లం.

కోరంగిలో కాలవ పక్కన ఆయన పెంకుటింటి వసారాలో ఆదివారం పూట భాగవతం పాఠానికి కొద్దిమందిమి చేరేవాళ్లం. ఒక ఆదివారం సాంబమూర్తి వచ్చి, అందరికన్నా వెనక, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. సాంబమూర్తి హార్మోనియం వాయిస్తాడు. వాళ్లన్నయ్య కోదండంగారు హరికథలు చెబుతారు. అన్న కథ చెబితే తమ్ముడు శ్రుతి పట్టాలి. చిన్నప్పటి నుంచి అదే వాళ్ల బతుకు. ఆ రోజు పాఠం అయ్యేదాకా అతను నోరు విప్పలేదు. అందరూ లేవబోతుండగా అడిగాడు.

"గురువుగారూ, ఎదుటివాళ్ల మనసు నొప్పించకూడదని చేసే మోసం కూడా మోసమేనాండీ?"

"ఎవరి మనసు?" అన్నారు గురువుగారు.

సాంబమూర్తి తల దించుకుని చెప్పాడు. అన్నయ్య గొంతు పైస్థాయికి అందడం లేదు. ఆ సంగతి ఆయన గమనించుకోలేదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లినప్పుడల్లా తనే శ్రుతి కొంచెం కొంచెంగా దించుతూ వస్తున్నాడు. పైషడ్జం వచ్చేచోట ముందుగానే హార్మోనియం హెచ్చించి, తనూ గొంతు కలిపి, ఆ వెలితి కప్పేస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. అన్నయ్య మురిసిపోతున్నారు. ఇప్పుడు ద్రాక్షారామంలో పెద్ద సభకు ఒప్పుకున్నారు. అక్కడికి సంగీతం తెలిసినవాళ్లు వస్తారు, వాళ్ల ముందు ఇది దాగదు. "చెప్పడానికి నోరు రావడం లేదండీ. చెప్పకపోతే ఆయన అక్కడ నవ్వులపాలవుతారు. చెబితే ఇంట్లోనే కుప్పకూలిపోతారు."

గురువుగారు కళ్లద్దాలు తీశారు. లేవబోయినవాళ్లందరం మళ్లీ కూర్చున్నాం. ఆయన ఆ రోజు చెప్పింది ఇది.

గురువుగారు నడివయసులో ఉండగా గౌతమి పాయ పొడుగునా ఉన్న పల్లెల్లో భాగవతం చెబుతూ తిరిగేవారు. యానాం రేవులో ఒకసారి కథ అయ్యాక బలంగా, నల్లగా ఉన్న పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాడు. పేరు సంగాడి కామరాజు. కాకినాడ పోర్టులో పెద్ద ఓడలను రేవులోకి లాక్కొచ్చే టగ్గుల మీద ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఒకరు ఎటు లాగమంటే అటు ఓడలను లాగడంతోనే ఉద్యోగమంతా గడిచిపోయింది. ఇక తనకు నచ్చిన చోటికి తను వెళ్లాలని, ఒక పాత చెక్క లాంచీ కొని, దాని మీద చిన్న గది కట్టుకుని, పొయ్యీ గిన్నెలూ ఎక్కించి, భార్య నూకరత్నంతో పాయలు, కాలవలు పట్టుకుని తిరుగుతున్నాడు. నచ్చిన రేవులో నాలుగు రోజులు ఉంటారు. విసుగొస్తే తాడు విప్పుకుంటారు.

"తమరు ఆ బస్సుల్లో నలిగిపోవడం దేనికండీ? మా లాంచీలో రండి. ఏ పల్లెకు కావాలంటే ఆ పల్లెకు దింపుతాను. మా రత్నం భాగవతం వినాలని గోల పెడతంది," అన్నాడు కామరాజుగారు.

గురువుగారు మూట సర్దుకుని లాంచీ ఎక్కారు. ఆ దంపతులతో ఉన్న రోజులు తన జన్మలో మంచి రోజులని మాతో చాలాసార్లు అన్నారు.

లాంచీ గర్భంలో రెండు సిలిండర్ల పాత డీజిల్ ఇంజను ఉండేది. కామరాజుగారు దానికి ఆకుపచ్చ రంగు వేసి, ఇత్తడి గొట్టాలను చింతపండుతో తోమి మెరిపించేవాడు. పొద్దున లేచి మొహమైనా కడుక్కోకముందే ఇంజను మూత ఎత్తేవాడు. నూనె చూసే పుల్ల పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు పట్టుకుని చూసేవాడు. బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. డీజిల్ వడగట్టే ఫిల్టరు అడుగున ఒక గాజు గిన్నె ఉండేది. డీజిల్‌లో కలిసిన నీళ్లు అందులో పేరుకునేవి. గిన్నె కింద ఉన్న చిన్న మర వదులు చేసి ఆ నీళ్లు వదిలేసి, మళ్లీ మర బిగించేవాడు. ఆఖర్న ఇంజను తిప్పి, లాంచీ వెనక వైపు వంగి, ఇంజనును చల్లార్చిన నీళ్లు గొట్టంలోంచి బుడబుడమని పడుతున్నాయో లేదో చూసేవాడు. పడితే "ఆయ్" అనేవాడు, ఎవరో పలకరించినట్టు.

నూకరత్నానికి ఆ ఇంజను అంటే సవతి మీద ఉన్నంత ప్రేమ.

"నాకు జొరమొస్తే ఇందులో సగం చూడవు మావా," అనేది.

"నువ్వైతే ఎక్కడ నొప్పో చెబుతావు గదా రత్నం. అది చెప్పలేదు పాపం," అనేవాడు ఆయన.

లాంచీ ఎక్కిన కొద్ది రోజులకే గురువుగారు ఒకటి గమనించారు. కామరాజుగారు టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటాడు. కుడి చెయ్యి తువ్వాలు మడతలోనో, మొలతాడు దగ్గరో, ఎప్పుడూ ఏదో ఒక చోట దాగి ఉంటుంది. ఒక పొద్దున ఆయన ఫిల్టరు ముందు కూర్చుని ఉండగా గురువుగారు పైనుంచి చూశారు. ఆ చెయ్యి వణుకుతోంది. పెద్ద పానా పట్టుకున్నంతసేపూ బాగానే ఉంది. చిన్న మర దగ్గరికి వచ్చేసరికి వేళ్లు మాట వినడం లేదు. మర కొన అంచుకు దొరకదు, దొరికినా వంకరగా ఎక్కుతుంది. ఆయన ఓపిగ్గా మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఎలాగో ఎక్కించి, చెమట తుడుచుకుని, మొహాన నవ్వు తగిలించుకుని పైకి వచ్చాడు. తువ్వాలు తీసుకుని స్నానానికి ఏట్లోకి దిగాడు.

ఆయన అటు దిగడమేమిటి, నూకరత్నం పొయ్యి మీద అన్నం వదిలేసి ఇటు ఇంజను దగ్గరికి దిగింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, పానా తీసుకుని, ఆయన బిగించిన మరలన్నీ ఒక్కొక్కటే తడిమి బిగించింది. కారిన డీజిల్ చుక్కలు కొంగుతో తుడిచేసింది. పానా ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టి పైకి వచ్చి, గురువుగారిని చూసి ఆగిపోయింది.

"పంతులుగారూ, తమరు చూసేశారు. ఆయనతో అనకండి. ఆ చేతుల్తో ఎంతెంత ఇంజన్లు తిప్పిన మనిషి! తన పని పెళ్లాం సరిదిద్దుతుందని తెలిసిందంటే ఇంక ఆ మూత ఎత్తడు. లాంచీ అమ్మేసి అరుగు మీద కూర్చుంటాడు. అలా కూర్చుంటే ఆయన బతకడు," అంది.

గురువుగారు సరేనన్నారు.

ఆ సాయంత్రం రేవులో నడుస్తుంటే కామరాజుగారు తనంతట తనే ఎత్తాడు. "తమరికి తెలిసే ఉంటది పంతులుగారూ. నా చెయ్యి పోయింది. పొద్దున్నే నేను మునిగి లేచేలోపు రత్నం దిగి అన్నీ బిగిస్తాది. నాకు తెలీదనుకుంటాది. అందుకే నేను ఏట్లో పీకల్లోతున నిలబడి అది పైకొచ్చేదాకా చూస్తాను, అది వచ్చాకే గట్టెక్కుతాను. చలికాలం వచ్చిందంటే చచ్చిపోతానేమో!" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపేసి, "దానికి మట్టుకు చెప్పకండి. నా కోసం దొంగచాటుగా చేస్తంది. నాకు తెలిసిపోయిందంటే నన్ను చిన్నబుచ్చానని కుమిలిపోద్ది," అన్నాడు.

గురువుగారు దానికీ సరేనన్నారు.

అలా రోజులు గడిచాయి. ఆయన బిగించినట్టు బిగించేవాడు. ఆవిడ చూడనట్టు చూసేది. ఆయన స్నానం రోజురోజుకూ పొడుగవుతోంది. లాంచీ మాత్రం హాయిగా నడిచింది.

మొగ దగ్గర, అంటే పాయ వెళ్లి సముద్రంలో కలిసేచోట, చేపలు పట్టేవాళ్ల చిన్న పల్లె ఒకటి ఉంది. అక్కడివాళ్లు గజేంద్రమోక్షం చెప్పమని గురువుగారికి కబురు పెట్టారు. బయలుదేరే పొద్దున కామరాజుగారు ఫిల్టరు మార్చాడు. ముందు రోజు ఎందుచేతనో ఆయన చెయ్యి కాస్త స్థిమితంగా ఉంది. తెగిన వల కన్ను ఒకటి తనే ముడివేశాడు. నూకరత్నం అది చూసింది. ఆ పొద్దున ఇంజను దగ్గర్నుంచి ఆయన ఏదో కూనిరాగం తీస్తూ పైకి రావడం కూడా చూసింది. ఆయన ఏట్లోకి దిగాక ఎప్పటిలాగే తనూ దిగింది. పానా చేతిలోకి తీసుకుంది. అప్పుడు ఆమెకు అనిపించిందట, ఇవాళ ఆయన చెయ్యి బాగుంది, పాడుకుంటూ చేశాడు, ఈ ఒక్క రోజైనా ఆయన పని ఆయనదిగా ఉండనీ, నేను తాకితే ఎంగిలి చేసినట్టవుతుంది అని. పానా పెట్టేసి, అక్కడి బుట్టలోంచి రెండు ఉల్లిపాయలు తీసుకుని పైకి వచ్చింది.

ఏట్లోంచి కామరాజుగారు ఆవిడ పైకి రావడం చూశాడు. ఇక భయం లేదనుకుని గట్టెక్కాడు. నిజానికి ఆ పొద్దున చెయ్యి రోజూకన్నా కుదురులేకుండా ఉంది. గిన్నె కింది మర ఆయన వేళ్లతో పైపైన తిప్పి వదిలేశాడు. రత్నం చూసుకుంటుందన్న ధీమాతోనే ఆ కూనిరాగం.

పోటు తగ్గి, నీళ్లు వెనక్కి తీసే పాటు మొదలయ్యాక లాంచీ వదిలారు. ఏరు సముద్రం వైపు లాగుతోంది, ఇంజను అదే వైపు తోస్తోంది, పడవ పరుగు తీస్తోంది. గురువుగారు ముందు భాగంలో కూర్చుని పద్యాలు మననం చేసుకుంటున్నారు. రెండు వైపులా మడచెట్లు పలచబడి, ఏరు వెడల్పై, దూరాన ఇసుకతిప్ప మీద కెరటాలు విరిగే తెల్లని గీత సన్నగా కనిపించింది. దాన్ని కుడివైపు వదిలి, పల్లె ఉన్న ఎడమ పాయలోకి తిరగాలి. కామరాజుగారు చుక్కాని తిప్పబోతుండగా ఇంజను ఒకసారి దగ్గింది. కాస్త కోలుకుంది. మళ్లీ దగ్గి, గొంతు జీరబోయి, ఆగిపోయింది.

అప్పటిదాకా ఇంజను మోత మరుగున పడి ఉన్న సముద్రపు హోరు ఒక్కసారిగా వినిపించింది.

"పంతులుగారూ, లంగరు!" అని అరుస్తూ కామరాజుగారు లోపలికి దూకాడు. గురువుగారు పుట్టి బుద్ధెరిగాక లంగరు ముట్టుకున్నవారు కాదు. రెండు చేతులా కౌగలించుకుని దాన్ని అంచు దాకా ఈడ్చి తోసేశారు. ఆయన ఉత్తరీయం తాడుకు చుట్టుకుని లంగరుతో పాటే ఏట్లోకి పోయింది. లంగరు ఇసుకలో పట్టింది, జారింది, మళ్లీ పట్టింది. పడవ పరుగు తగ్గిందే గానీ ఆగలేదు. ముక్కు ఎగువకు తిప్పుకుని, తోకతో తిప్ప వైపు జరుగుతూనే ఉంది.

కింద కామరాజుగారు ఒక్క చూపులో కనిపెట్టాడు. గిన్నె కింది మర అదురుకు వదులై వేలాడుతోంది. డీజిల్ బదులు ఇంజను గాలి పీల్చుకుంది. ముందు మర బిగించాలి, తరవాత గొట్టాల్లోని గాలంతా వదలాలి, అప్పుడు గానీ అది మళ్లీ అందుకోదు. ఆయన పానా తీశాడు. చెయ్యి ఆకులా వణికింది. పానా జారి, ఇంజను కిందనున్న నల్లటి మడ్డినీళ్లలో పడిపోయింది. మెట్ల మీద నిలబడిన భార్యను తలెత్తి చూశాడు.

"పొద్దున నువ్వు దీన్ని బిగించలేదా?" అన్నాడు.

ఆ మాట నోరు దాటాక గానీ అదేమిటో ఆయనకు తెలియలేదు. నూకరత్నం నిలబడ్డచోటే నిలబడిపోయింది.

"నేను బిగిస్తానని నీకెవరు చెప్పారు?"

ఇద్దరూ ఒక్కసారే తలలు తిప్పి పైనున్న గురువుగారి వైపు చూశారు. గురువుగారు సముద్రం వైపు చూశారు.

"ఆయన చెప్పలేదు. నాకు ముందు నుంచీ తెలుసు," అన్నాడు కామరాజుగారు.

నూకరత్నం దిగి, మోచేతి దాకా మడ్డినీళ్లలో చెయ్యి పెట్టి, వెతికి పానా తీసింది. ఆయన మర చూపించాడు. ఆమె బిగించింది. తరవాత ఫిల్టరు పైనున్న ఇంకో మర చూపించి, "దీన్ని సగం విప్పు. నేను పంపు కొడతాను. నురగ వస్తాది, రానీ. నురగ పోయి డీజిల్ ఒకే ధారగా వచ్చినప్పుడు బిగించు," అన్నాడు. చేతిపంపు మీట కొట్టడానికి వేళ్లతో పని లేదు, అరచెయ్యి చాలు. ఆయన కొట్టాడు. తెల్లటి నురగ బుసబుసమని వచ్చింది. పైనుంచి కెరటాల చప్పుడు దగ్గరవుతోంది. ఆమెకు కంగారెత్తి, నురగ పోకుండానే బిగించేసింది. ఇంజను తిప్పి చూశారు. రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది.

పైన గురువుగారి చేతిలో లంగరు తాడు గుంజుకుంటోంది. తిప్ప ఇప్పుడు గీతలా లేదు. విరిగిన కెరటం తుంపర గాలికి లేవడం కనిపిస్తోంది. ఆయన ఏ పద్యం తలుచుకుందామన్నా మొదటి పాదం దాటి గుర్తు రాలేదట.

నూకరత్నం పానా కింద పడేసి ఏడుపు గొంతుతో అంది. "నా వల్ల కాదు మావా. నువ్వు చెయ్యి. నేనేదో దొంగచాటుగా బిగించేదాన్నే గానీ, నాకేం తెలుసు? నువ్వే చెయ్యాలి."

కామరాజుగారు పంపు వదిలేశాడు. ఇన్నాళ్లూ తువ్వాళ్లలో, మడతల్లో దాచుకున్న కుడి చెయ్యి ఆమె మొహం ముందు చాపాడు. దాన్ని ఆపడానికి ఏ ప్రయత్నమూ చెయ్యలేదు. అది తన ఇష్టం వచ్చినట్టు వణుకుతోంది.

"చూడు రత్నం. నా వల్ల కాక చాన్నాళ్లయింది. ఇన్నాళ్లూ నడుస్తున్నది నీ వల్లే. పానా తియ్యి."

ఆమె ఆ చేతిని చూసింది. కళ్లు తుడుచుకోలేదు, చేతులు నల్లగా ఉన్నాయి. పానా తీసింది.

ఈసారి ఆయన పంపు కొడుతూ చెబుతూనే ఉన్నాడు. ఇంకా రానీ, ఇంకా, భయపడకు, ఏట్లో నీళ్లు ఏట్లోనే ఉన్నాయి, నీ చూపు మర మీదే పెట్టు. నురగ పలచబడింది, బుడగలు ఒకటీ అరా అయ్యాయి, ఎర్రటి డీజిల్ సన్నని ధారగా ఆమె వేళ్ల మీదుగా కారింది. "ఇప్పుడు," అన్నాడు. ఆమె బిగించింది. ఇంజను పంపు దగ్గర ఇంకో మర ఉంటే అక్కడా అలాగే వదిలి బిగించారు. అప్పుడు కామరాజుగారు హ్యాండిలు తగిలించి రెండు చేతులా పట్టుకున్నాడు. వణుకు వేళ్లలోనే గానీ భుజాల్లోకి ఇంకా రాలేదు. "నేను అనగానే ఇంజను నెత్తిన ఉన్న ఆ మీట వాల్చు," అని ఒక తిప్పు తిప్పాడు, రెండోది తిప్పాడు, చక్రం వేగం అందుకుంది. "వాల్చు!" ఆమె వాల్చింది.

ఇంజను ఒకటి కొట్టింది, ఆగి ఇంకొకటి కొట్టింది, తరవాత డుగుడుగుడుగుమని అందుకుంది. నల్లటి పొగ గది నిండా కమ్ముకుంది. ఆ పొగలోంచి కామరాజుగారు పైకి పరుగెత్తి చుక్కాని పట్టుకున్నాడు. లాంచీ తోక అప్పటికే తిప్ప అంచు నీళ్లలో ఊగుతోంది. కాసేపు అది ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. పాటుకూ ఇంజనుకూ పంతం పడినట్టయింది. తరవాత కొంచెం కొంచెంగా, పాకినట్టు, ఎగువకు కదిలింది. గురువుగారు లంగరు తాడు లాగారు. నూకరత్నం వచ్చి తనూ చెయ్యి వేసింది. లంగరుతో పాటు ఉత్తరీయమూ పైకి వచ్చింది, బురదలో నానిన గోనెసంచిలా.

ఆ పూట పల్లెకు పోలేదు. మడచెట్ల మధ్య ఒక చిన్న పాయలోకి తిప్పి లాంచీ కట్టేశారు. ఇంజను ఆపారు. కొంగలు తప్ప అక్కడ ఎవరూ లేరు. ఉన్నట్టుండి నూకరత్నం అందుకుంది.

"నా దగ్గర దాస్తావా? నా దగ్గర! పీకల్లోతు నీళ్లలో నిలబడి నన్ను చూస్తా ఉన్నావా?"

"నువ్వు దాచలేదా? కొంగుకు డీజిల్ వాసన వస్తే తెలీదనుకున్నావా?"

"నీకు నొప్పి తగలకూడదని దాచాను."

"నేనేం, సరదాకి దాచానా?"

ఆమెకు కోపంలోనే నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది, ఎందుకంటే ఆయన నవ్వడం లేదు. కామరాజుగారు తన చేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల వస్తువును చూస్తున్నట్టు చూస్తూ ఏడుస్తున్నాడు. పెద్ద మనిషి, వెడల్పాటి ఛాతీ, శబ్దం లేకుండా ఏడుస్తున్నాడు. నూకరత్నం ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. గట్టిగా పట్టుకుని ఆపాలని కూడా చూడలేదు. దాన్ని అలాగే వణకనిచ్చింది.

"ఎప్పటి నుంచి?" అంది.

"వినాయకచవితి అప్పటి నుంచి."

"నాకు దసరాకు తెలిసింది. అంటే నడుమన ఆ రోజులన్నీ నువ్వొక్కడివే పడ్డావు," అంది.

గురువుగారు లేచి లాంచీ అవతలి కొసకు వెళ్లి తన ఉత్తరీయం ఉతుక్కున్నారు. అది తెల్లబడలేదట గానీ, చాలాసేపు ఉతికారట.

మర్నాడు పొద్దున కామరాజుగారు స్నానానికి దిగలేదు. ఇంజను పక్కన ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. నూకరత్నం పానాలన్నీ ముందు పరుచుకుంది. ఆ రోజు నుంచి పొద్దుటి పూట ప్రశాంతత ఆ లాంచీలో లేకుండా పోయింది. "ఆ బిగింపు చాలదు," అని ఆయన. "అయితే వచ్చి నువ్వే బిగించు," అని ఆవిడ. "అంత బిగిస్తే మర తెగుద్ది," అని ఆయన. "తెగితే తెగనీ, నీ సవతిదాన్ని నువ్వే ఊరడించుకో," అని ఆవిడ. "సవతి నీకే గానీ నాకెలాగవుద్దే?" అని ఆయన. రేవులో పక్క పడవలవాళ్లు తలలు బయటపెట్టి వినేవారు. అంతకు ముందు ఆ దంపతులు ఒకరినొకరు ఒక్క మాట అనుకోవడం ఎవరూ వినలేదు.

గురువుగారు ఆ పల్లెలో గజేంద్రమోక్షం చెప్పి, తన దారిన తాను వచ్చేశారు. కొన్నేళ్ల తరవాత యానాం రేవులో మళ్లీ ఆ లాంచీ కనిపించింది. కామరాజుగారికి వణుకు కాళ్లలోకి దిగింది. ముందు భాగంలో ఒక చెక్క కుర్చీ తాళ్లతో కట్టి, అందులో ఆయనను కూర్చోబెట్టారు. చుక్కాని నూకరత్నం చేతిలో ఉంది. ఆవిడ లాంచీని రేవుకు చేర్చి ఆపుతుంటే కామరాజుగారు వెనక్కి తిరిగి, ఊరంతటికీ వినబడేలా, "వేగం తగ్గించవే, రేవు పగలగొడతావా!" అని కేకేశాడు. అంతలోనే గురువుగారిని గుర్తుపట్టి, వణికే చెయ్యి ఎత్తి, దాచుకోకుండా, ఊపాడు.

గురువుగారు చెప్పడం ఆపి కళ్లద్దాలు పెట్టుకున్నారు. కాలవలో ఎవరో గేదెలను కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. సాంబమూర్తి చాలాసేపు నేల మీద వేలితో ఏదో రాస్తూ కూర్చున్నాడు. ఆఖరికి తలెత్తాడు.

"చెబితే అన్నయ్య బాధపడతారండీ."

"ఇప్పుడూ పడుతున్నాడు నాయనా," అన్నారు గురువుగారు. "ఒక్కడే పడుతున్నాడు."